పీల్చేటప్పుడు చప్పుడు వస్తే తెల్లారేదాకా ఆగొద్దు

చెవి, ముక్కు, గొంతు: మీ ప్రశ్నలకు డాక్టరమ్మ జవాబులు

చలికాలం వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు చాలావరకు గొంతు గురించే. ఈసారి అన్నీ గాలిగొట్టం చుట్టూ తిరిగేవే ఎంచుకున్నాను. ఇన్నేళ్లుగా తిరుపతిలో రోగులను చూస్తూ నేను ప్రతి తల్లికీ చెప్పే మాట ఒకటుంది. దగ్గు ఎంత గట్టిగా ఉందని చూడకండి, ఊపిరి ఎలా పీలుస్తున్నారో చూడండి. కింది జవాబుల్లో ఈ మాట మళ్లీ మళ్లీ వస్తే విసుక్కోకండి.

ప్రశ్న: మాది పాకాల. మా బాబుకు రెండేళ్లు దాటాయి. పోయిన నెల రెండు రోజులు ముక్కు కారి, ఒళ్లు కొద్దిగా వెచ్చబడింది. మూడో రోజు అర్ధరాత్రి దాటాక ఉన్నట్టుండి లేచి కుక్క మొరిగినట్టు దగ్గాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో గర్రుమని చప్పుడు. మా అత్తగారు వేడినీళ్ల ఆవిరి పట్టమన్నారు. మా ఆయన మాత్రం కారు మాట్లాడి తిరుపతికి తీసుకొచ్చారు. ఆసుపత్రి చేరేసరికే సగం తగ్గింది. డాక్టరు యాంటీబయాటిక్ రాయలేదు. స్టెరాయిడ్ మందు ఒక్కసారి తాగించి, కాసేపు చూసి పంపేశారు. స్టెరాయిడ్ అంటే మా ఇంట్లో అందరికీ భయం. ఇది ఉబ్బసమా? మళ్లీ వస్తే ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు మీ ఆయనను మెచ్చుకోవాలి. పొద్దున చూద్దాంలే అనుకోకుండా ఆ రాత్రే బయల్దేరారు. చేరేసరికి తగ్గిందని, అనవసరంగా కంగారుపడ్డామని అనుకోకండి. ఈ జబ్బులో దారిలోనే కొంత తగ్గడం మేం తరచుగా చూస్తాం. బిడ్డ ఒళ్లో నిటారుగా కూర్చుంటాడు, ఏడుపు ఆగుతుంది, మొహానికి చల్లగాలి తగులుతుంది. 10 డిగ్రీల లోపు చలిలో అరగంట ఉంచితే ఈ పిల్లలకు కొంత తేలికపడుతుందని చలిదేశాల్లో పరీక్షించి చూశారు కూడా. అయినా వాపు లోపల అలాగే ఉంటుంది కాబట్టి ఆసుపత్రికి రావడమే మంచిది.

మీ బాబుకు వచ్చింది ఉబ్బసం కాదు. మీరు రాసిన లక్షణాలు క్రూప్‌వి. స్వరపేటిక, దాని కింద మొదలయ్యే గాలిగొట్టం వైరస్ సోకి వాచిపోతాయి. ఎక్కువసార్లు ఇది పారాఇన్‌ఫ్లూయెంజా అనే వైరస్ వల్ల వస్తుంది. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువ. మొదట మామూలు జలుబే. ఒకటి రెండు రోజులయ్యాక, అదీ రాత్రిపూట, గొంతు బొంగురుపోయి ఆ మొరిగే దగ్గు అందుకుంటుంది. పగలంతా బిడ్డ ఆడుకుంటూనే ఉంటాడు. చీకటి పడితే మళ్లీ మొదలు. ఇలా రెండు మూడు రాత్రులు ఇబ్బంది పెట్టి తగ్గిపోతుంది.

ఉబ్బసానికీ దీనికీ తేడా చెవితోనే పట్టుకోవచ్చు. ఉబ్బసంలో బిగుసుకునేవి ఊపిరితిత్తుల లోపలి సన్న గొట్టాలు. అందుకే గాలి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తాయి. క్రూప్‌లో ఇరుకయ్యేది మెడలో ఉండే దారి. చప్పుడు గాలి పీల్చేటప్పుడు వస్తుంది. రాత్రి వచ్చిన చప్పుడు పగలు మా దగ్గరికి వచ్చేసరికి ఉండదు గనుక, ఈసారి అలా జరిగితే ఫోన్‌లో వీడియో తీసి తెండి. చొక్కా విప్పి, ఛాతీ, మెడ కనిపించేలా తీస్తే ఆ వీడియోతోనే మాకు సగం విషయం తెలిసిపోతుంది.

చిన్నపిల్లలకే ఎందుకింత ప్రమాదమంటే, వాళ్ల గొట్టం కొలత అలాంటిది. పెద్దవాళ్ల గాలిగొట్టం 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు, దాదాపు 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. 16 నుంచి 20 మెత్తటి ఎముక ఉంగరాలు దాన్ని మూసుకుపోకుండా నిలబెడతాయి. ఈ ఉంగరాలు వెనకవైపు తెరిచి ఉంటాయి. వాటికి పైన, స్వరపేటిక అడుగున ఉండే ఉంగరం మాత్రం చుట్టూ మూసి ఉంటుంది. అక్కడ వాపు వస్తే బయటికి సాగే వీలులేక లోపలికే పెరుగుతుంది. చంటిబిడ్డకు అక్కడ ఉన్న దారే నాలుగైదు మిల్లీమీటర్లు. 4 మిల్లీమీటర్ల దారిలో చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాస్తే మిగిలేది 2. వెడల్పు సగమైతే గాలి పోవడానికి అడ్డు 16 రెట్లు పెరుగుతుంది. కొబ్బరిబొండాం తాగేటప్పుడు స్ట్రాను రెండు వేళ్లతో కొంచెం నొక్కి పీల్చి చూడండి, బిడ్డ పడే కష్టం తెలుస్తుంది. అదే వైరస్ మీకు వస్తే గొంతు బొంగురుపోతుంది, అంతే.

ఇక స్టెరాయిడ్. ఏళ్ల తరబడి మింగే స్టెరాయిడ్‌కు ఉన్న చెడ్డపేరంతా ఈ ఒక్క డోసుకు అంటగట్టకండి. డెక్సామెథసోన్ అనే ఈ స్టెరాయిడ్ ఒక్కసారి ఇస్తే ఎదుగుదల ఆగదు, ఒళ్లు ఉబ్బదు. కొద్ది గంటల్లో వాపు దిగడం మొదలై, రెండు మూడు రోజులు దాని బలం ఉంటుంది. క్రూప్ మందుల్లో బాగా రుజువైనది ఇదే. వైరస్ జబ్బు కాబట్టి యాంటీబయాటిక్ రాయకపోవడం కూడా సరైన పనే. అలా రాయని డాక్టరును ‘మందే ఇవ్వలేదు’ అని తప్పుపట్టే తల్లిదండ్రులను రోజూ చూస్తుంటాను. మీ డాక్టరు మంచి వైద్యం చేశారు.

ఊపిరికి మరీ కష్టపడే పిల్లలకు అడ్రినలిన్‌ను నెబ్యులైజర్‌తో తుంపరలా పీల్పిస్తాం. అరగంటలోపే తేలికపడుతుంది, కానీ రెండు గంటలకు దాని పని అయిపోతుంది. అందుకే అది పెట్టిన బిడ్డను మూడు నాలుగు గంటలు కళ్ల ముందే ఉంచుకుంటాం. ‘బాగైపోయాడు కదా, ఆఖరు బస్సు పోతుంది’ అని తొందరపెట్టొద్దు. ఉబ్బసం కోసం ఇంట్లో కొనిపెట్టుకున్న నెబ్యులైజర్ మందు దీనికి పనికిరాదు. ఆ మందు పనిచేసేది కింది సన్నగొట్టాల మీద.

ఆవిరి విషయంలో మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. క్రూప్‌కు ఆవిరి మేలు చేస్తుందని తేలలేదు. కాగే నీళ్ల గిన్నె పక్కన గింజుకునే బిడ్డను పట్టుకుంటే ఏమవుతుందో కాలిన గాయాల వార్డులో చూశాను, ఆ పిల్లలను మరిచిపోలేను. ఇంకో మాట, కొండనాలుక జారిందని వేలు పెట్టి నొక్కించడం, నోట్లో ఆముదమో పసరో పోయడం మన పల్లెల్లో ఇంకా పోలేదు. వాచిన దారిలో వేలు పెడితే ఉన్న కాస్త సందూ మూసుకుపోవచ్చు. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే అదొక రకం నిమోనియా.

మళ్లీ వస్తే ఏం చేయాలంటే, బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోండి, పడుకోబెట్టకండి. ఏడిపించకండి. ఏడ్చినప్పుడో ఆడినప్పుడో మాత్రమే చప్పుడు వస్తుంటే, గమనిస్తూ ఉండి పొద్దున చూపించొచ్చు. నిమ్మళంగా కూర్చున్నప్పుడు కూడా పీల్చేటప్పుడు గర్రుమంటుంటే ఆగొద్దు. గొంతు కింది గుంట లోపలికి లాక్కుపోతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఉమ్మి మింగలేక చొంగ కారుస్తున్నా, ముందుకు వంగి గడ్డం పైకెత్తి కూర్చున్నా, పెదాలు నీలంగా మారినా, మగతగా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ స్థితిలో నోరు తెరిపించి గొంతు చూడాలని అసలే ప్రయత్నించొద్దు. కొందరు పిల్లలకు ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. ఐదారేళ్లకు గొట్టం పెరిగేకొద్దీ దానంతటదే తగ్గిపోతుంది. ఆరు నెలల్లోపు బిడ్డకు వచ్చినా, తరచుగా తిరగబెడుతున్నా ఒకసారి దుర్బిణీ పెట్టి లోపల చూడాలి. పుట్టుకతోనే అక్కడ ఇరుకు ఉందేమో తేలుతుంది.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. మా అక్క కూతురికి ఆరేళ్లు. ఫ్లూ జ్వరం వచ్చి మూడు రోజులకు తగ్గుముఖం పట్టింది. ఐదో రోజు 104 జ్వరం, పీల్చేటప్పుడు చప్పుడు. నెబ్యులైజర్ పెట్టినా మార్పు లేదు. ఐసీయూలో గొంతులో ట్యూబు వేసి వెంటిలేటర్ పెట్టారు. గాలిగొట్టంలో చీము పట్టిందన్నారు. దేవుడి దయ వల్ల పాప ఇప్పుడు బడికి పోతోంది. కానీ మా అక్క నిద్రపోవడం లేదు. మొదటి రోజే యాంటీబయాటిక్ వేసుంటే ఇంత జరిగేది కాదని ఏడుస్తోంది. నిజంగా మాదే తప్పా?

జవాబు: కాదు. మీ అక్కకు ఈ పేజీ చదివి వినిపించండి.

పాపకు వచ్చింది గాలిగొట్టానికి బాక్టీరియా పట్టడం. ఇది అరుదు. ఫ్లూ లాంటి వైరస్ ముందు వచ్చి గొట్టం లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఆ పొర మీద కంటికి కనిపించనంత సన్నటి వెంట్రుకలు ఉంటాయి. దుమ్మునూ కఫాన్నీ పైకి తోసేసేది అవే. పొర రాలిపోయిన చోట, మామూలుగా మన ముక్కులోనూ చర్మం మీదా ఉండే స్టెఫిలోకోకస్ ఆరియస్ లాంటి బాక్టీరియా పాతుకుంటుంది. చిక్కటి చీము పొరలుపొరలుగా కట్టి దారికి అడ్డం పడుతుంది.

తగ్గుతున్న జబ్బు ఒక్కసారిగా తిరగబడటం, జ్వరం పెరిగిపోవడం, బిడ్డ నీరసించి వాడిపోవడం, క్రూప్‌కు పనిచేసే అడ్రినలిన్‌కు లొంగకపోవడం, ఈ నాలుగూ కలిస్తే మేం దీన్ని అనుమానిస్తాం. ఫ్లూ మొదటి రోజు ఎవరి బిడ్డకు ఇది వస్తుందో ఏ డాక్టరూ చెప్పలేడు. ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ వేస్తే ఇది రాకుండా ఆగుతుందన్న భరోసా లేదు. పైగా అలా వేసుకుంటూ పోతే మందుకు లొంగని బాక్టీరియానే మిగులుతుంది. మీ వాళ్లు చేయాల్సింది చప్పుడు వినగానే పరుగెత్తడం, అది చేశారు. బిడ్డ దక్కింది అందుకే.

ఇలాంటి ఒక బాబుకు మత్తిచ్చి, గాలిగొట్టంలోకి దుర్బిణీ దించి, లోపలి పొరలను పట్టకారుతో తీసిన రాత్రి నాకు బాగా గుర్తు. ఆ పొరను సీసాలో వేసి బయట నిలబడ్డ తండ్రికి చూపించాను. ‘ఇది నా కొడుకు గొంతులోనా మేడం’ అని గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆ సీసా చూశాకే ట్యూబు ఎందుకు వేశామో ఆయనకు అర్థమైంది. అంతకుముందు గంటసేపు సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదు. ట్యూబు అనగానే ఇక ఆశ లేదని చాలామంది అనుకుంటారు. ఈ జబ్బులో ట్యూబు దారి తెరిచి ఉంచడానికీ, చీము లాగేయడానికీ. యాంటీబయాటిక్ నరానికి ఎక్కిస్తూ కొన్ని రోజులు గడిపితే ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు.

గొంతులో పొర అనగానే పెద్దవాళ్లకు కంఠసర్పి గుర్తుకొస్తుంది. అది వేరే బాక్టీరియా, డిఫ్తీరియా. దాని బూడిదరంగు పొర గొంతుకు అంటుకుపోయి, లాగితే రక్తం వస్తుంది. మెడ వాస్తుంది, విషం గుండెకు ఎక్కుతుంది. ఆ విషానికి విరుగుడు సీరం కనిపెట్టినందుకే జర్మనీ శాస్త్రవేత్త బేరింగ్‌కు 1901లో మొట్టమొదటి వైద్య నోబెల్ ఇచ్చారు. మనకు టీకా ఉంది. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా), 16 నుంచి 24 నెలల మధ్య ఒక బూస్టర్, 5 నుంచి 6 ఏళ్ల మధ్య మరొకటి, 10, 16 ఏళ్లకు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా). ప్రభుత్వ ఆసుపత్రుల్లో అన్నీ ఉచితం. చంటిబిడ్డప్పుడు వేసినవి గుర్తుంటాయి గానీ, పదేళ్లదీ పదహారేళ్లదీ ఎగ్గొట్టే ఇళ్లే ఎక్కువ. మీ ఇంట్లో కార్డు తీసి చూడండి.

పాప విషయంలో ఇంకొక్క జాగ్రత్త. ట్యూబు వేసిన చోట కొన్ని వారాలకో నెలలకో మచ్చకట్టి ఇరుకయ్యే అవకాశం కొంత ఉంటుంది. పరిగెత్తినప్పుడు పీల్చేటప్పుడు చప్పుడు వస్తే ఉబ్బసం అనుకుని ఇన్‌హేలర్ మొదలుపెట్టకండి. ట్యూబు వేసిన సంగతి చెప్పి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మాది ఇరాల మండలం. వయసు 48. గానుగ దగ్గర బెల్లం వండే పని. బీడీ, సిగరెట్ లేవు. జలుబు చేసి తగ్గింది, దగ్గు మాత్రం మూడు వారాలుగా పోలేదు. దగ్గితే ఎదురొమ్ము ఎముక వెనక పచ్చిపుండులా మంట. మందులషాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ మూడు రోజులు వాడాను, తర్వాత ఇంకో రకం ఐదు రోజులు వాడాను. గుణం లేదు. క్యాన్సరేమోనని టెన్షన్‌గా ఉంది. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను.

జవాబు: మీరు మంట చెప్పిన చోటు సరిగ్గా గాలిగొట్టం ఉన్న చోటే. జలుబు వైరస్ దిగి దాని లోపలి పొర ఒరుసుకుపోయింది. పైన రాసిన ఆ సన్నటి వెంట్రుకలు మళ్లీ మొలవడానికి వారాలు పడుతుంది. అందాకా కఫాన్ని పైకి తేవడానికి దగ్గు తప్ప శరీరానికి వేరే దారి లేదు. జలుబు పోయాక దగ్గు మూడు వారాల దాకా ఉండటం మామూలే. రెండు యాంటీబయాటిక్‌లు పనిచేయలేదంటే అందులో ఆశ్చర్యం లేదు, వైరస్ మీద అవి పనిచేయవు. మూడోది అడగొద్దు.

మీకు తగ్గకపోవడానికి గానుగ పొయ్యి ఒక కారణం. చెరుకు పిప్పి మంట ముందు, పాకం పొగలో గంటలకొద్దీ నిలబడితే మొలిచే పొర మొలిచినట్టే మాడిపోతుంది. కొన్నాళ్లు పొయ్యి ఎగేసే పని వేరేవాళ్లకు అప్పగించి, గాలి వీచే వైపు ఉండే పని చేసుకోండి. కుదరదంటే ముక్కూ నోరూ మూసేలా మంచి మాస్కు కట్టుకోండి, తడిగుడ్డ పొగను అంతగా ఆపదు. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నీళ్లతో తేనె తీసుకోండి, షుగరు ఉంటే అడిగి తీసుకోండి. ఏడాది లోపు బిడ్డలకు మాత్రం తేనె పెట్టకూడదు.

మీ బీపీ మాత్ర పేరు చూడండి. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాగా చివర ‘ప్రిల్’ అని ఉంటే పొడిదగ్గు దానివల్ల కూడా రావచ్చు. మీ అంతట మీరు ఆపకండి. రాసిన డాక్టరును అడిగితే వేరే రకానికి మారుస్తారు.

క్యాన్సర్ భయంతో కుంగిపోకండి, అలాగని పరీక్ష మానకండి. రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ ఉందేమో చూసే కఫం పరీక్ష తప్పదు. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చేస్తారు, ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించుకోండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి వెలిసిన కాలానికి మంచిగాలి, తిండి, విశ్రాంతి తప్ప మందంటూ లేదు. ఇప్పుడు మామూలు క్షయ ఆరు నెలల మాత్రలతో నయమవుతుంది. దాచుకోవాల్సిన పని లేదు. కఫంలో రక్తం పడినా, బరువు తగ్గినా, గొంతు బొంగురు మూడు వారాలు దాటినా మా దగ్గరికి రండి, స్వరపేటికను చూస్తాం.

ప్రశ్న: మా మనవడికి ఏడాదిన్నర. పీలేరు దగ్గర పల్లె. రెండు నెలల్లో మూడుసార్లు ‘గొంతు ఇన్‌ఫెక్షన్’ అని సిరప్‌లు ఇచ్చారు. వేసినప్పుడు తగ్గుతుంది, ఆపితే మళ్లీ దగ్గు, పిల్లికూతలు. మొదటిసారి దగ్గు మొదలైన రోజు మేం మిద్దె మీద చెనక్కాయలు (వేరుశెనగ) ఒలుస్తున్నాం. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు.

జవాబు: అవ్వా, నీ ఉత్తరంలో చెనక్కాయల మాట చదవగానే ఉలిక్కిపడ్డాను. ఈ పత్రిక మీ చేతికి అందిన రోజే బిడ్డను తిరుపతికి తీసుకురండి. రుయా ఆసుపత్రిలో గానీ స్విమ్స్ ఆసుపత్రిలో గానీ ‘చెనగ్గింజ గొట్టంలోకి పోయిందేమోనని అనుమానం’ అని మొదటి మాటగా చెప్పండి.

పొరపోయిన క్షణంలో బిడ్డ గట్టిగా దగ్గుతాడు. గింజ లోపలికి జారి ఒక పక్కన కూర్చున్నాక గంటలో మామూలైపోతాడు. అందరూ మరిచిపోతారు. గింజ మాత్రం అక్కడే ఉబ్బుతుంది, దానిలోని నూనె చుట్టూ ఉన్న పొరను రేపి వాపు తెస్తుంది. సిరప్‌తో పైపై చీము తగ్గుతుంది, ఆపితే మళ్లీ మొదలు. చెనగ్గింజ ఎక్స్‌రేలో కనపడదు కాబట్టి ఎక్స్‌రే బాగుందన్న మాటను నమ్ముకుని కూర్చోకూడదు. మత్తిచ్చి, దుర్బిణీతో చూసి తీసేస్తే బిడ్డ తేరుకుంటాడు.

మన వైపు ఏ ఇంట్లో చూసినా చెనక్కాయలే. నాలుగేళ్లు నిండేదాకా పిల్లలకు గింజలు గింజలుగా ఇవ్వకండి. పొడి కొట్టో, ముద్ద నూరో పెట్టండి. నోట్లో గింజ ఉన్న బిడ్డను నవ్వించొద్దు, బెదిరించొద్దు. ఎప్పుడైనా పొరపోయి దగ్గలేక, ఏడవలేక బిడ్డ ఉక్కిరిబిక్కిరైతే తల కిందికి వంచి రెండు రెక్కల మధ్య అరచేత్తో ఐదు దెబ్బలు వేయండి. రాకపోతే ఏడాది లోపు బిడ్డకు రొమ్ము ఎముక మీద రెండు వేళ్లతో ఐదుసార్లు నొక్కండి, ఏడాది దాటిన బిడ్డకు వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు పైన లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కండి. మార్చి మార్చి అలా చేస్తూనే ఉండండి. గట్టిగా దగ్గుతున్న బిడ్డను మాత్రం దగ్గనివ్వండి. కనపడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతకొద్దు.

ప్రశ్న: చిత్తూరు నుంచి రాస్తున్నాను. మా ఆయనకు బైక్ యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలి, గొంతు ముందు రంధ్రం చేసి ట్యూబు పెట్టారు. ఇంటికి తెచ్చాం, నేనే చూసుకుంటున్నాను. కఫం పచ్చగా, చిక్కగా వస్తోంది. తెలిసినాయన ప్రతి నెలా యాంటీబయాటిక్ వేయమంటున్నాడు. వేయాలా?

జవాబు: వద్దమ్మా. ట్యూబు ఉన్నవాళ్ల గాలిగొట్టంలో బాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది, కఫం పరీక్ష చేస్తే ప్రతిసారీ ఏదో ఒకటి కనిపిస్తుంది. ఒక్క రంగు చూసి మందు వేయకూడదు. జ్వరం రావడం, కఫం ఒక్కసారిగా ఎక్కువై వాసన రావడం, రక్తం చారలు, ఊపిరి వేగం పెరగడం, రంధ్రం చుట్టూ ఎర్రబడి నొప్పి, వీటిలో ఏవైనా తోడైతే చూపించండి.

చిక్కదనానికి కారణం ఎక్కువగా పొడిగాలి. మనం పీల్చే గాలిని ముక్కు వెచ్చబెట్టి, తడిపి కిందికి పంపుతుంది. మీ ఆయనకు ఆ మెట్టు లేదు, గాలి నేరుగా గొట్టంలోకే పోతోంది. రంధ్రం ముందు శుభ్రమైన పలుచటి గాజుగుడ్డను ఒక్క వరుస తడిపి వేలాడదీయండి, ఆరితే మళ్లీ తడపండి, రోజూ మార్చండి. సెలైన్‌ను నెబ్యులైజర్‌లో పోసి రోజుకు ఎన్నిసార్లు పెట్టాలో డాక్టరును అడగండి. ట్యూబులో నీళ్లు పోయొద్దు. నీళ్లు తగినంత ఇవ్వండి, తాగగలిగితే నోటితో, లేకపోతే ముక్కు గొట్టం ద్వారా.

కఫం లాగేటప్పుడు చేతులు సబ్బుతో కడుక్కోండి. సన్నగొట్టం ట్యూబు పొడవు వరకే పోవాలి. ఇంకా లోపలికి పొడిస్తే పొర చీరుకుని రక్తం వస్తుంది, పుండుపడి చీము పట్టేది అక్కడే. ఒక్కోసారి పది పదిహేను సెకన్లకు మించొద్దు. మధ్యలో ఊపిరి తీసుకోనివ్వండి. లోపలి ట్యూబు ఉంటే రోజూ తీసి కడిగి పెట్టండి. అదే సైజు ట్యూబు ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి. సాంబ్రాణి పొగ, అగరొత్తులు, పౌడరు ఆ గదిలోకి రానివ్వొద్దు. ట్యూబు మూసుకుపోయి ఊపిరి ఆడకపోతే ముందు లోపలి ట్యూబు తీసేయండి. చాలాసార్లు అడ్డం అక్కడే ఉంటుంది.

ఇంత పని రాత్రీ పగలూ ఒక్కదానివే చేయలేవు. ఇంట్లో ఇంకొకరికి కూడా నేర్పించు, ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు నర్సు ముందు వాళ్ల చేత చేయించి చూపించు. నువ్వు నిద్రపోవాలి కదా.

ప్రశ్న: మాది పుత్తూరు. పాపకు ఏడాదిన్నర. మొన్న రాత్రి క్రూప్ అన్నారు, మందు ఇచ్చారు. ఈ శనివారం తిరుమలలో తలనీలాలు ఇవ్వాలని మొక్కు. మెట్లదారిలో ఎత్తుకుని పోవాలని మా ఆయన పట్టు. పోవచ్చా?

జవాబు: ఈ శనివారం వద్దు. క్యూలో గంటలకొద్దీ జనం మధ్య ఏడుపు, నిద్రలేమి, వీటిలో ఏదీ వాచిన గొంతుకు మంచిది కాదు. పాప దగ్గు నుంచి మిగతా పసిపిల్లలకూ వైరస్ అంటుతుంది. అలిపిరి నుంచి 3550 మెట్లు. సగం దారిలో పాపకు ఊపిరి కష్టమైతే కిందికి రావడానికీ పైకి పోవడానికీ సమయం పడుతుంది. స్వామి ఎక్కడికీ పోడు, రెండు మూడు వారాలు ఆగి పొండి. అప్పటికీ మీ ఆయన మెట్లెక్కి రావాలనుకుంటే రానివ్వండి, మీరూ పాపా బస్సులో పైకి పొండి. కొండమీద అవసరమైతే అశ్విని ఆసుపత్రి ఉంది, అది ఎక్కడుందో గది తీసుకున్నప్పుడే కనుక్కోండి.